ట్యాంకు మీద బొట్టుబిళ్ళ

కంప్యూటర్లో నీళ్ళు పోయబోతున్నానని చెప్పగానే మా అమ్మ పోతమ్మ చేపల గంప ఎత్తుకోబోయి ఆగిపోయింది.

"కరెంటున్న దాన్లోకి నీల్లేటే? మతి ఉండే సేత్తన్నావా?" అంది.

మతి ఉండే చేస్తున్నాను గానీ కాళ్ళూ చేతులూ ఆడటం లేదన్న సంగతి మాత్రం ఆమెకి చెప్పలేదు. చెప్తే ఆ పూట చేపలమ్మడం మానేసి నా పక్కనే కూర్చుంటుంది. ఉన్న కంగారు చాలదన్నట్టు.

నా పని ఇంకా కట్టని అపార్టుమెంట్లని కట్టేసినట్టు వీడియోలో చూపించడం. మధురవాడలోని చిన్న ఆఫీసు ఒకటి ఆ పని పంపిస్తుంది, నేను జాలరిపేటలో మా రేకుల ఇంట్లో కూర్చుని చేస్తాను. ఎండాకాలం వచ్చిందంటే ఆ రేకుల కింద మనుషులమే ఉడికిపోతాం. గంటల తరబడి బొమ్మలు తయారుచేసే యంత్రం గతి చెప్పాలా? వేడెక్కి టప్పున ఆరిపోయేది. కొనేవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాని వీడియో కోసం ఎదురుచూసిన మా సాయిశంకర్ సార్ చివరికి ఒక మాట అనేశాడు. ఇంకోసారి ఆగితే ఇంటి దగ్గర పని కుదరదు, రోజూ మధురవాడ వచ్చి ఆఫీసు కంప్యూటర్ మీదే చెయ్యాలి అని. ఆయన్ని తిట్టుకుందామన్నా అందులో తప్పేమీ కనిపించలేదు.

వెళ్ళలేకపోవడానికి కారణం మా అయ్య తాతబాబు. పోయినేడు పడవని ఒడ్డుకి లాగుతూ పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కర్ర పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేస్తాడు గానీ, పడితే లేవలేడు. అమ్మ పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం దాటాక గానీ రాదు. ఒకసారి నేను ఆఫీసుకెళ్ళిన రోజు స్నానాలగదిలో జారి, అమ్మ వచ్చేదాకా ఆ తడి నేల మీదే పడున్నాడు. పక్కింటివాళ్ళని పిలవచ్చు కదయ్యా అంటే, "ఏటని పిలుత్తాను" అని గోడవైపు తిరిగాడు. అప్పట్నుంచీ కంప్యూటర్ ఆగిపోతుందేమో అనుకున్నప్పుడల్లా నాకు ఆ నేలే కనిపిస్తుంది.

అందుకని నీళ్ళ కూలింగ్ పెట్టుకున్నాను. కారుకి ఉన్నట్టే దీనికీ ఒక రేడియేటర్, చిన్న పంపు, పైపులు, నీలంరంగు నీళ్ళు నింపే గాజు ట్యాంకు. నీళ్ళు తిరుగుతూ లోపలి వేడిని మోసుకొచ్చి రేడియేటర్ దగ్గర వదిలేస్తాయి. ఇలాంటివి ఎలా బిగించాలో చూపించే వీడియోల్లో కుర్రాళ్ళు ఈల వేసుకుంటూ బిగించేస్తారు. నాకేమో ఒక్కో పైపుకి క్లిప్పు వేసేసరికి అరచేతులు చెమటతో జారిపోయాయి. ముందు పంపు ఒక్కటే నడిపి, ప్రతి అతుకు కిందా టిష్యూ పేపర్ పెట్టి, పేపర్ తడుస్తుందేమోనని రోజంతా కాపలా కాశాను. అయ్య మంచం మీంచి అదంతా చూస్తూ, "లంగరేసిన పడవకి కూడా ఇంత కాపలా ఉండదే" అన్నాడు.

పేపర్లు తడవలేదు. అన్నీ కలిపి ఆన్ చేస్తే, తొంభై డిగ్రీలు దాటే వేడి అరవై దగ్గరే ఆగిపోయింది. ప్రాణం లేచొచ్చింది. పంపు వేగం తగ్గించి, ఫ్యాన్లు పెంచి, మళ్ళీ తగ్గించి, ఆ రోజంతా దానితో ఆడుకున్నాను. చివరగా నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో తెలియడానికి ట్యాంకు గాజు మీద నా ఎర్ర బొట్టుబిళ్ళ ఒకటి అంటించాను.

అది అంటించకుండా ఉండాల్సింది. మర్నాడు పొద్దున్న చూస్తే నీళ్ళు బిళ్ళ కిందికి దిగాయి. పైపుల్లో చిక్కుకున్న గాలి బయటికొచ్చేదాకా మొదట్లో కొంచెం తగ్గుతాయని నాకు తెలుసు. సీసాలోని నీలం నీళ్ళు బిళ్ళ దాకా పోస్తే ఆ మర్నాడు మళ్ళీ దిగాయి. ఆ తర్వాత కూడా. గాలైతే ఎప్పుడో అయిపోవాలి. టార్చి వేసి వెతికాను, చెయ్యి అందిన అతుకులన్నీ వేలితో తడిమాను, ఎక్కడా తడి తగల్లేదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. పెద్ద వీడియో దగ్గరపడింది. సముద్రం ఎదురుగా కట్టబోయే అపార్టుమెంటు, సార్ ఎన్నాళ్ళుగానో పట్టుకోవాలనుకున్న పని.

"తగ్గినాయేటే?" అని అయ్య రోజూ అడిగేవాడు.

"తగ్గినాయి" అనేదాన్ని. ఒకరోజైతే ఆ మాట అంటూ ఏడ్చేశాను కూడా.

ఆ తర్వాత నీళ్ళు తగ్గడం మానేశాయి. పొద్దున్న లేచి చూస్తే సరిగ్గా బొట్టుబిళ్ళ దగ్గర. మర్నాడూ అక్కడే. గాలంతా పోయిందని సంతోషపడి అమ్మ చేత పులుసు పెట్టించుకుని మరీ తిన్నాను. మనసులో ఒక్కటే పీకుతూ ఉండేది. నీళ్ళ నీలం రంగు రోజురోజుకీ వెలిసిపోతోంది. వేడికి వెలుస్తుందేమో అనుకున్నాను. మంచి జరుగుతున్నప్పుడు దాన్ని మరీ గుచ్చి అడగబుద్ధి కాదు.

వీడియో ఇవ్వాల్సిన రోజు వచ్చింది. ముందురోజు పెట్టిన పని ఇంకా నడుస్తూనే ఉంది, పది గంటలకల్లా పంపాలి. కంగారుకి నాకు తెల్లారకముందే మెలకువ వచ్చింది. అది బోట్లు సముద్రం మీదికెళ్ళే వేళ. అమ్మ అప్పటికే చేపలకని వెళ్ళిపోయింది. అయ్య మంచం ఖాళీగా ఉంది.

స్నానాలగదివైపు పరిగెత్తబోయాను. ఆయన అక్కడ లేడు. కంప్యూటర్ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కంప్యూటర్ డబ్బా పక్క తలుపు తీసి ఉంది. ఒక చేత్తో ట్యాంకు మూత పట్టుకుని, రెండో చేత్తో దగ్గుమందు సీసా కప్పుతో నీళ్ళు పోస్తున్నాడు. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, పని నడుస్తోంది. ఆయన ఒళ్ళో తడి లుంగీ పేలిక ఉంది.

"ఏటి సేత్తన్నావయ్యా?" అన్నాను.

ఉలిక్కిపడ్డాడు గానీ ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. "క్యాన్ నీల్లేనే. కులాయివి కావు" అన్నాడు.

వంగి చూశాను. పైన రేడియేటర్ వెనక, నా టార్చి పడని మూల, పైపు అతుకు చుట్టూ ఇంకో పేలిక చుట్టి, సందులో దూది కుక్కి ఉంది. అది నీళ్ళు పీల్చి ఉబ్బి ఉంది. సరిగ్గా దాని కింద బొమ్మలు తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు. నాకు ఆఫీసు కనపడలేదు, వీడియో కనపడలేదు. ప్లగ్గు లాగేశాను. ఫ్యాన్లు ఆగిపోయి గదంతా నిశ్శబ్దమైపోయింది.

"ఇది పడవ కాదయ్యా! ఆ సుక్క కింద పడితే మొత్తం మాడిపోద్ది, నీకు షాక్ కొడితే ఏటి గతి?" అని అరిచాను. కోపమో భయమో నాకే తెలియలేదు.

"కారని పడవ ఎక్కడుందే" అన్నాడు మెల్లగా. "కారితే సందులో కుక్కతాం. తోడుకుంటా ఎల్తాం. కారిందని వేట మానేత్తామా? ఇక్కడ తోడక్కర్లేదు, పోత్తే సాలు. పేలిక రోజూ మారుత్తన్నాను."

"నాతో సెప్పాలి గదా."

పేలికని వేళ్ళతో పిండుతూ కూర్చున్నాడు.

"సెప్తే నువ్వు దీన్నిప్పేత్తావు. ఇప్పేత్తే పని ఆగిపోద్ది. ఆగితే మధురవాడ ఎల్లిపోతావు" అన్నాడు. "ఆ గదిలో పడ్డ రోజు నాను పిలిసినానే. సానాసేపు పిలిసినాను. ఎవులికీ ఇనపడలేదు. నాను ఒక్కన్నీ ఉండలేనమ్మా."

పెద్ద పెద్ద అలలు చూసిన మనిషి నోట ఆ మాట వినాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన పక్కనే నేల మీద కూలబడి, ఫోన్ తీసి సాయిశంకర్ సార్‌కి చేశాను.

"సార్, వీడియో పదింటికి రాదు. కంప్యూటర్ ఆగలేదు, నేనే ఆపాను. నీళ్ళు కారుతున్నాయి."

అటువైపు నిద్రమత్తు గొంతు. "ఎప్పటికివ్వగలవమ్మా?"

"సాయంత్రానికి."

"సరే, పదింటికి వచ్చేవాళ్ళని సాయంత్రం రమ్మంటాను. ముందే సెప్పావు కాబట్టి ఈసారికి. ఇదే ఆఖరు అనూరాధా. మల్లీ ఆగితే మర్నాడు నువ్విక్కడుండాలి."

స్పీకర్ పెట్టాను గనక అయ్య కూడా విన్నాడు.

నీళ్ళన్నీ తీసేసి, దూది పీకేసి చూస్తే తెలిసింది. ఆ మూల చెయ్యి పట్టక నేను క్లిప్పు పైపు అంచు మీద సగమే ఎక్కించాను. అయ్య స్టూలు మీంచి పైపు కదలకుండా పట్టుకుంటే నేను బిగించాను. బల్ల ఫ్యాన్ ఎదురుగా పెట్టి అంతా ఆరేదాకా ఇద్దరం టీ తాగుతూ కూర్చున్నాం. సీసాలో మిగిలిన నీలం నీళ్ళు బొట్టుబిళ్ళ దాకా పోసి, పంపు నడిపి, పేపర్ తడవలేదని నమ్మకం కుదిరాక ప్లగ్గు పెట్టాను. అప్పటిదాకా తయారైన బొమ్మలు పోలేదు, ఆగిన చోటు నుంచి పని మొదలైంది. సాయంత్రం వాళ్ళు వచ్చి కూర్చునేసరికి వీడియో వెళ్ళిపోయింది. బాగుందన్నారని సార్ మెసేజ్ పెట్టాడు, ఆ మెసేజ్ అయ్యకి రెండుసార్లు చదివి వినిపించాను.

మర్నాడు చీకటి విడకముందే ఎవరో భుజం తట్టారు. కళ్ళు తెరిస్తే అయ్య, కర్ర మీద ఒరిగి నిలబడున్నాడు.

"అనూ, కూసింత తగ్గింది" అన్నాడు. "నాను పొయ్యలేదు."

లేచి టార్చి తీసుకుని ఆ మూల చూశాను. పేపర్ పొడిగా ఉంది. వేలు పెట్టి తడిమాను, పొడిగానే ఉంది.

"గాలయ్యా. లోపలున్న గాలి బయటికొచ్చింది, అంతే" అన్నాను.

"నిజవేనా?"

నిజమేననుకుంటున్నాను. రేపు చూస్తే గానీ తెలియదు. ఆ మాటే ఆయనతో అన్నాను. తర్వాత కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, ట్యాంకు మూత విప్పి పట్టుకున్నాను. అయ్య స్టూలు మీద కూర్చుని, దగ్గుమందు కప్పుతో బొట్టుబిళ్ళ దాకా పోశాడు.