పొలాల అమాస నాడు రోలరు

గంజి అడిగిందట, అదీ ఉప్పు ఎక్కువేసి, జీపు దిగకముందే డ్రైవరు మొగిలి అరిచి చెప్పాడు, శంకరవ్వా, నీ బిడ్డకు జెరం దిగింది, కండ్లు తెరిచింది, గంజి కావాల్నంటున్నది అని, చెప్పి ఆగాడా, పైలెట్ దొరకు సిగరెట్లు తేవడం మరిచానని అదే జీపు తిప్పుకొని మళ్లీ ఊళ్లోకి పోయాడు, నేనేమో ఈ బెంచీ మీద కూలబడ్డాను, విమానమెక్కే దొరలు కూర్చునే బెంచీ, రోజూ తుడిచేది నేనే, ఒక్కనాడూ కూర్చోలేదు, తీరా చూస్తే ఉత్త చెక్కే, దీనికా ఇన్నేళ్లు భయపడ్డది, మా ఆదిలాబాదు విమానాల మైదానంలో ఉన్నదల్లా ఇంతే, ఈ రేకుల షెడ్డు, రెండు మంచినీళ్ల కుండలు, గాలి ఎటు వీస్తుందో చూపే గుడ్డసంచి, నాలుగు పెట్రోలు పీపాలు, ఇంకా ఆ రాతి రోలరు, అబ్బ, దాన్ని చూస్తేనే పొద్దుటి సంగతి గుర్తొస్తోంది.

కాన్పైనప్పటి నుంచి నా బిడ్డ కిష్టవ్వ ఒళ్లు జెరంతో కాలిపోయింది, దానికి సూదిమందు హైదరాబాదు నుంచి రావాలి, వాగులు పొంగి బస్సులు బందు, విమానంలో పంపుతున్నారనగానే దేవుడా అనుకున్నాను, అంతలోనే మైదానం ఆఫీసరు వచ్చి, వానకు మైదానం నడుమ మెత్తబడ్డది, మొరం పోసి రోలరు తిప్పకుంటే విమానం దిగదు, రాయమల్లూ, ఎడ్లను కట్టు అన్నాడు, రాయమల్లంటే మా ఇంటాయనే, రోలరు లాగేవి మా ఎడ్లే, కానీ ఇవాళ పొలాల అమాస, ఎడ్ల పండుగ, ఏడాదికి ఈ ఒక్కనాడు ఎడ్ల మెడ మీద కాడి పెట్టం, నిన్న పొద్దుగూకే వేళ ఈయన వాటి మెడలకు పసుపూ నెయ్యీ మర్దించి, చెవి దగ్గర నోరు పెట్టి, రేపు పని బందు, మా ఇంట్ల బువ్వకు రాండ్రి అని చుట్టాలను పిలిచినట్టు పిలిచాడు, నన్ను పెళ్లినాడు కూడా అంత మర్యాదగా పిలవలేదు, బిడ్డ ఆసుపత్రిలో మూలుగుతుంటే ఎడ్లకు మర్దనా అని నాకు నిన్ననే ఒళ్లు మండింది.

ఎడ్లను కట్టమంటే కదల్లేదు మహానుభావుడు, బువ్వకు పిలిచిన సార్, కాడి ఎట్ల పెడ్త అన్నాడు, ఇంకేముంది, నీ ఎడ్లకు బెల్లం పోలెలు తినిపిచ్చుకుంట కూసో, నా బిడ్డను సావనియ్యి అన్నాను, అందరి ముందే అన్నాను, ఆయన తువ్వాల నడుముకు బిగించి, వంగి, కాడి కింద తన మెడే పెట్టాడు, రెండో పక్క ఖాళీ, అంతలో పక్కింటి హనుమండ్లు వచ్చి, ఎడ్లను కట్టకపోతేంది, మేం లేమా అని అటుపక్క దూరాడు, ఊరోళ్లు తాళ్లు అందుకున్నారు, ఆఫీసరు బూట్లు విప్పాడు, నేనూ కొంగు దోపి తాడు పట్టాను, ఎడ్లేమో రంగు కొమ్ములతో, మెడలో గంటలతో కంచె పక్కన నెమరేస్తూ మమ్మల్నే చూశాయి, మధ్యాహ్నానికి విమానం ఒక్క కుదుపు లేకుండా దిగింది, మొగిలి మందుల పెట్టె తీసుకొని జీపు ఉరికించాడు.

లేచి షెడ్డు వెనక్కి పోయాను, అక్కడే కూర్చున్నాడు, అంగీ లేదు, మెడ కందిపోయి వాచింది, ఆ మెడతోనే ఎడ్లకు పోలె ముద్దలు పెడుతున్నాడు, బిడ్డ గంజి అడిగిందట అంటే, ఉప్పెక్కువేయమన్నదా, చిన్నప్పటి అలవాటేనాయె అన్నాడు, అని మొహం అటు తిప్పుకున్నాడు, ఇన్నేళ్లూ ఈయనకు ఎడ్లంటేనే ప్రాణం, మనుషుల లెక్కే లేదనుకున్నాను, కాదు, ఈయన ఎవరిని పిలిచినా పిలిచినట్టే, ఎవరి కోసమైనా మెడ ఇచ్చినట్టే, షెడ్డు పక్కనున్న మా గుడిసెలోంచి నిన్న మిగిలిన పసుపునెయ్యి గిన్నె తెచ్చి ఆ వాపు మీద రాస్తుంటే, అబ్బా, జర మెల్లగ అన్నాడు, నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, రేపు పని బందు, మా ఇంట్ల బువ్వకు రా అన్నాను.