వెనక చీల్చిన కోటు

ఒకప్పుడు చింతామణి ఊర్లో ఫోటో తీయించుకున్న మగవాళ్ళందరిదీ ఒకటే కోటు. నల్లది, పెద్ద కాలరు, జేబులో తెల్ల చేతిరుమాలు. అది వెంకటరాయప్ప స్టూడియోలో మేకుకు వేలాడుతూ ఉండేది. మండీకి చెనిక్కాయలు తెచ్చిన రైతు, కొత్తగా మేష్టరు పని దొరికినవాడు, పెళ్ళిచూపులకు ఫోటో పంపాల్సినవాడు, అందరూ దాన్నే తొడుక్కొని అదే కుర్చీలో కూర్చున్నారు. బక్కవాడికైనా లావువాడికైనా సరిపోవాలని దాన్ని వీపు మీద నిలువునా చీల్చిపెట్టారు. ముందునుంచి చూస్తే దొర. వెనకనుంచి చూస్తే బనియను.

ఈ సంగతులన్నీ నాకు తెలిసింది పోయిన సంవత్సరం. నా పేరు అంబిక. మాది బాగేపల్లి తాలూకాలో గూళూరు పక్కన పల్లె. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. చరిత్రలో బి.ఏ. పాసై ఇంట్లో ఉంటే, చింతామణిలో రిటైరైన లెక్చరరు మంజునాథ సారు పిలిచి పని ఇచ్చారు. ఊరి పాత ఫోటోలన్నీ అడిగి తెచ్చి, స్కాను చేసి, ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేయాలి. ఫోటోలో ఉన్నది ఎవరు, ఏ వీధి, ఏ కాలం అని కనుక్కొని రాసిపెట్టాలి.

"రాజుల చరిత్ర రాసేదానికి శానామంది ఉండారమ్మా. టమాటా మండీ రాకముందు ఆ జాగాలో ఏముండేదో చెప్పేవాడు ఒక్కడూ లేడు" అనేవారు సారు.

ఇంటింటికీ తిరిగాను. కొందరు కాఫీ ఇచ్చి ఫోటో ఇచ్చారు. కొందరు కాఫీ మాత్రమే ఇచ్చారు. "మా మామ ఫోటో ఇస్తే ఆయన పేరు మీద లోను తీసుకుంటారంట గదా?" అని ఒకామె అడిగింది. ఆ మామ పోయి ఇరవై ఏండ్లయింది.

మేం పడుతున్న తిప్పలు చూసి వెంకటరాయప్ప తన స్టూడియో నెగటివ్‌లన్నీ ఆటోలో వేసి పంపించాడు. స్టూడియో మూసి చాలా కాలమైంది. ఆయనకు ఎనభై దాటింది. అయినా రోజూ పొద్దున కర్ర పట్టుకొని మా గదికి వచ్చి, నా స్కానరు పక్కన కూర్చొనేవాడు. "నువ్వు బటను నొక్కితే వచ్చేస్తాండాది. నేను చీకటిగదిలో కడిగి కడిగి గోర్లు నల్లగయినాయి" అని దానితో పోటీ పడేవాడు.

ఒక ఆదివారం కల్యాణ మంటపంలో ఫోటోల ప్రదర్శన పెడదామని తేల్చారు. అప్పుడు సారు అడిగారు. "ఊరందరి ఇండ్లల్లో అడుగుతాండావు. మీ ఇంట్లోనుంచి ఒక్కటీ తేలేదేమమ్మా?"

మా ఇంట్లో ఉన్నది ఒకటే పాత ఫోటో. మా తాత బయ్యప్పది. అదే నల్ల కోటు, ఠీవిగా గడ్డం ఎత్తి కూర్చుని ఉంటాడు. కాలరు కింద సన్నగా పట్టీలాంటిది ఒకటి కనిపిస్తుంది. అది గడియారం గొలుసని మా చుట్టాలందరికీ గట్టి నమ్మకం. మా ఊర్లో అప్పట్లో గొలుసు గడియారం ఉన్న మనిషి ఆయనొక్కడేనని చెప్పుకుంటారు. తాత చిన్న వయసులోనే జ్వరమొచ్చి పోయాడు. అప్పటికి మా నాయన నాగరాజ్ పాలు తాగే బిడ్డ. తండ్రి మొగమంటే ఆయనకు తెలిసింది ఆ ఫోటోనే. ప్రతి సంవత్సరం పెద్దల అమావాస్యకు దాని ముందర కొత్త పంచె పెట్టి, ఆకులో ఒబ్బట్లు, చిత్రాన్నం, వడలు వడ్డించి, మేమంతా మొక్కుకున్నాకే అన్నం తింటాం.

ఆ ఫోటో అడగడానికి ఊరికి పోయాను. మా అవ్వ అక్కయమ్మ చాటలో రాగులు చెరుగుతూ ఉండింది.

"అది వద్దులే. గోడ మీద ఉండనీ" అంది.

"సారు అడిగినారవ్వా."

"ఆ సారు అడిగితే దూలం గూడా పీకిస్తావా?"

మా నాయన అడ్డమొచ్చాడు. "పోనీలేమ్మా. మా నాయన ఫోటో తీయించుకున్న ఊర్లోనే పదిమంది చూస్తారు. మంచిదే గదా." అవ్వ మా నాయన మొగం చూసింది, మళ్ళీ రాగుల్లోకి తల వంచుకుంది. ఫోటోను టవల్లో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చాను.

తెచ్చిన వారానికే నాకు అనుమానం మొదలైంది. వెంకటరాయప్ప ఒక్కొక్క రీలు నెగటివ్‌లను ముక్కలుగా కత్తిరించి ఒక్కొక్క కవర్లో పెట్టాడు. ఏ కవరు విప్పినా మొదటి ఫోటోలో ఒకే మనిషి. అదే కోటు, అదే ఎత్తిన గడ్డం. అది మా తాత మొగం. ఒక రీలులో ఉంటే సరే. ప్రతి రీలులో ఎందుకుంటాడు? గూళూరు నుంచి వచ్చిన రైతు ఏండ్ల తరబడి వారం వారం ఫోటో తీయించుకున్నాడా?

"అప్పా, ఈయన ఎవరు?" అని అడిగాను.

వెంకటరాయప్ప కండ్లజోడు సరిచేసుకొని నవ్వాడు. "మునికృష్ణ. మా పక్కంగడి దర్జీ. ఆ కోటు కుట్టింది వాడే, చీల్చింది వాడే. రీలు ఎక్కించినాక మొదటి ఫోటోకు ఒక్కోసారి వెలుతురు తగుల్తాది. గిరాకీని కూర్చోబెడితే ఫోటో చెడిపోయిందని గలాటా చేస్తారు. అందుకని మొదటిదానికి వాణ్ణి పిలిచి కూర్చోబెడతాంటి. వాడు గూడా ఎప్పుడు పిలుస్తానా అని చూస్తాండె. అంత సోకు."

"ఆయన గూళూరు పక్క బయ్యప్ప కాదా?"

"బయ్యప్పెవరు? వీడు ఇప్పుడు గూడా కొడుకు అంగట్లో కూర్చొని జాకెట్లకు హుక్కులు కుడతాండాడు."

నేను బీరువా మీదున్న మా ఫోటో వైపు చూశాను. గాజు మీద కుంకుమబొట్టు, చుట్టూ గంధపు దండ. ఆయన కూడా చూశాడు.

"అదేందమ్మా, వాడికి దండేసినారు? నిన్న సాయంత్రం నాతో కాఫీ తాగినాడే."

విషయం చెప్పాను. ఆయన లేచి పోయి ఆ ఫోటోను దగ్గరగా చూశాడు. తర్వాత, "అంటే మీ తాత ఫోటో కడగబోయి, దాని ముందరుండే వాడి ఫోటో కడిగి ఇచ్చేసినానన్నమాట" అన్నాడు. "ఇంతకాలం ఎవురూ వచ్చి అడగలేదే."

ఎవరు అడుగుతారు? అవ్వ ఇన్నేండ్లు మొక్కింది ఒక దర్జీకా? చిన్న వయసులో మొగుడు పోయాడు, కంటిచూపు ఏడుపులో ఆనలేదేమో, తర్వాత చూసి చూసి అదే మొగమని అలవాటయిందేమో అనుకున్నాను. ఇప్పుడు పోయి చెబితే ఏమవుతుంది? చెప్పకపోతే, ఊరి చరిత్ర అని గోడ మీద అబద్ధం తగిలించినట్టవుతుంది. అన్నిటికంటే మా నాయన. ఉన్న ఒక్క మొగమూ తీసేసుకొని ఆయన చేతిలో ఏం పెట్టాలి?

అందుకే వెతకడం మొదలుపెట్టాను. ఆ చెడిపోయే ఫోటో వెనకే గిరాకీ ఫోటో ఉంటుంది కదా. మా ఫోటో ఏ రీలులోదో తెలిస్తే చాలు. కానీ అన్ని రీళ్ళలోనూ మునికృష్ణప్ప ఒకేలా గడ్డం ఎత్తుకొని కూర్చున్నాడు. మా ఫోటో పక్కన పెట్టుకొని ఒక్కొక్కటీ పెద్దది చేసి చూస్తూ పోయాను. ఒకదాంట్లో కాలరు కింద ఆ సన్న పట్టీ కనిపించింది. ఇంకా పెద్దది చేశాను. దాని మీద గీతలు, అంకెలు ఉన్నాయి. మా వంశం గర్వంగా చెప్పుకున్న గడియారం గొలుసు, దర్జీ మెడలోనుంచి తీయడం మరిచిపోయిన కొలత టేపు.

పక్క నెగటివ్ వెలుతురుకు పెట్టాను. బక్కమనిషి. కోటు భుజాలు రెండు పక్కలా జారిపోయి ఉన్నాయి. నవ్వొద్దని చెప్పినట్టున్నారు, కష్టపడి ఆపుకుంటున్నాడు. చెవులు మాత్రం చేటల్లా బయటికి ఉన్నాయి. అవి మా నాయన చెవులు. మా తమ్ముడు పునీత్‌వి కూడా అవే, బడిలో వాణ్ణి ఏడిపించేవాళ్ళు.

సారుకు చూపించాను. "చెవుల్ని బట్టి చరిత్ర రాయకూడదమ్మా. ఆయన్ని చూసిన మనిషి చెప్పాల" అన్నారు. అలా చూసిన మనిషి మా అవ్వ ఒక్కతే మిగిలింది. ఫోటో ప్రింటు తీయించి, పుస్తకంలో పెట్టి, నా సంచిలో దాచాను. గోడకు తగిలించిన పాత ఫోటో కింద పేరు రాయకుండా వదిలేశాను. ఆదివారం అవ్వను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాలనుకున్నాను.

మెల్లగా చెప్పే యోగం లేదు. ఆదివారం పొద్దున పూలాయనకు సారు "ఫోటోకు దండెయ్యప్పా" అని దీపం దగ్గరి సరస్వతి పటం చూపించి పోయారట. పూలాయన హాలంతా చూశాడు. అన్నీ పాత ఫోటోలు. ఈ ఒక్కదానికే ఎట్లా వేస్తాను, మిగతా పెద్దలు ఏం పాపం చేశారు అనుకున్నాడేమో, మూరెడు మూరెడు మల్లెపూలు కత్తిరించి అన్నిటికీ వేసేశాడు. హైస్కూలు గ్రూపు ఫోటోకు కూడా. అందులో సగంమంది అప్పుడే మెట్లెక్కి వస్తున్నారు. పంచాయతీ మాజీ మెంబరు ఒకాయన తన ఫోటో ముందు నిలబడి, "నేను పోయింది మా ఇంట్లో వాళ్ళకు చెప్పినారా లేదా?" అని అడుగుతున్నాడు.

నేను స్టూలెక్కి దండలు తీస్తూ మా ఫోటో దగ్గరికి వచ్చేసరికి దాని ముందర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. పక్కన వెంకటరాయప్ప. పెద్దాయన మెడలో కొలత టేపు.

"తీయొద్దమ్మా, ఉండనీ" అన్నాడు మునికృష్ణప్ప. "మంచి మల్లెపూలు. బతికుండగానే వాసన చూసుకుంటా. అయినా కుంకుమ గూడా పెట్టినారే, ఎవురు ఇంత ముందుచూపు మనుషులు?"

"మేమే" అంది నా వెనకనుంచి అవ్వ.

స్టూలు మీదనుంచే తిరిగి చూశాను. మా నాయన అవ్వ చేయి పట్టుకొని ఉన్నాడు. అవ్వ ఫోటోను చూసింది, పెద్దాయన్ను చూసింది, ఆయన మెడ చూసింది.

"టేపు ఇంకా తీయలేదా నువ్వు?" అంది.

"నీకు తెలుసా అవ్వా?" అన్నాను.

"మొగం తెలీకుండానే కాపురం చేసినానా?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. "చెనిక్కాయలు అమ్ముకోని వచ్చి, కోటేసుకుంటి, ఆపీసరు మాదిరి ఉండాను, వారం పోయినాక ఫోటో వస్తాది చూద్దువు అని చెప్పినాడు. వారానికి ఫోటో వచ్చె, మనిషి లేడు. మా అత్తే బస్సెక్కి పోయి తెచ్చింది. ఆమెకు కండ్లలో పొర. ఫోటోను రొమ్ముకు పెట్టుకొని, నా కొడుకు వచ్చినాడే అని ఇల్లంతా తిరిగింది. చూసినోళ్ళంతా, కోటుకు మొగమే మారిపోయిందే అనిరి. ఆమెను నిలబెట్టి, ఇది నీ కొడుకు కాదు అని ఎట్లా చెప్పేది? ఆమె ఉన్నన్నాళ్ళూ చెప్పల్యా. ఆమె పోయేతలికి వీడు మా నాయన, మా నాయన అని దానికి మొక్కుతాండె. ఇంక ఎప్పుడు చెప్పేది?"

అవ్వ మునికృష్ణప్ప వైపు తిరిగింది.

"ఏమప్పా, ఇన్నేండ్లు నా చేతి ఒబ్బట్లు తిన్నావు. ఒక్క దినమన్నా బాగుండాయని చెప్పినావా?"

"నాకేం తెలుసక్కా" అన్నాడు ఆయన చేతులు జోడించి. "అమావాస్య దినం మాత్రం ఊరికే కడుపు నిండినట్టుంటాది. మా ఇంట్లో వండినదే అనుకుంటాంటి."

చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. వెంకటరాయప్ప మాత్రం నవ్వలేదు. "తప్పు నాది తల్లీ" అన్నాడు. అప్పుడు నేను దిగి, సంచిలోని పుస్తకం తీసి, ఫోటో అవ్వ చేతికిచ్చాను. "నువ్వు చెప్తేనే పేరు రాస్తాను అవ్వా" అన్నాను.

అవ్వ దాన్ని వెలుతురు వైపు తిప్పుకుంది. బొటనవేలితో కోటు భుజాన్ని, జారిన చోట, పైకి సర్దబోయింది. రెండుసార్లు అట్లాగే చేసింది.

"ఈయనే" అంది. "చూడు, నవ్వు ఆపుకోలేక ఛస్తాండాడు. ఆపీసరంట." ఫోటోను కొడుకు చేతిలో పెట్టింది. "ఇదో, మీ నాయన."

మా నాయనకు నలభైఎనిమిదేండ్లు. ఫోటోలోని మనిషికి పాతికుంటాయో లేదో. చాలాసేపు చూశాడు. తర్వాత తెలియకుండానే తన చెవిని పట్టుకున్నాడు. "పునీత్‌గాడు నన్ను తిట్టుకుంటాడు గానీ, ఇదంతా ఈయన పని" అన్నాడు. మొగమంతా నవ్వే.

ఆ రోజు సాయంత్రం రెండు ఫోటోలూ పక్కపక్కనే తగిలించాం. ఒకదాని కింద, బయ్యప్ప, గూళూరు పక్క రైతు, చెనిక్కాయలు అమ్మడానికి వచ్చినప్పుడు తీయించుకున్నది, గుర్తుపట్టినవారు భార్య అక్కయమ్మ అని రాశాను. రెండోదాని కింద, మునికృష్ణప్ప, దర్జీ, కోటు కుట్టినవారు, గుర్తుపట్టినవారు తామే అని రాశాను. సారు రెండూ చదివి ఒక్క అక్షరం దిద్దలేదు.

పెద్దల అమావాస్యకు అవ్వ కొత్త ఫోటో ముందర ఆకులో అన్నీ వడ్డించి ఎడ పెట్టింది. పాతదాని గాజు మీది కుంకుమ కొంగుతో తుడిచి, దండ తీసి, వాకిలి పక్క మేకుకు తగిలించింది. పారేయమంటే ఒప్పుకోలేదు. ఎవరాయన అని అడిగినవాళ్ళకు, "మా ఆయన లేనన్నాళ్ళూ ఆయన జాగాలో కూర్చున్నాయన" అని చెబుతోంది.

ఆ దినం మునికృష్ణప్ప కూడా వచ్చాడు. పునీత్ బండి మీద పోయి పిలుచుకొచ్చాడు. మొక్కులయ్యాక తన ఫోటో కిందనే చాప మీద కూర్చొని, అవ్వ వేసిన ఒబ్బట్టు మీద నెయ్యి పోయించుకొని, ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు" అంది అవ్వ, గరిట పట్టుకొని ఎదురుగా నిలబడి.

మునికృష్ణప్ప నిదానంగా నమిలాడు. "బెల్లం రవ్వంత తక్కువయిందక్కా" అన్నాడు.

"ఫోటోగా ఉన్నప్పుడే మేలు" అని అవ్వ ఇంకొకటి వేసింది.