రాజమౌళి దుకాణంలో అమ్మ ఫొటో

రాజమౌళి వెబ్‌సైట్‌ను కూలగొట్టాలని ఆ పొద్దున లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. రాజమౌళి అంటే గద్వాలలో అమ్మ నేసిన చీరలు కొనే షావుకారు. కొనే అన్నానా? కొనేవాడు, ఒకప్పుడు. ఇప్పుడు ఎక్కడినుంచో మిషన్ చీరలు తెప్పించి, చేనేత అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాడు. జనం నమ్మాలి కదా, ప్రతి చీర పక్కన మగ్గం మీద కూర్చున్న మా అమ్మ జమ్ములమ్మ ఫొటో పెట్టాడు. క్యాలెండర్ కోసమని చెప్పి తీసుకున్న ఫొటో అది.

మా వీధిలో మగ్గాల వాళ్ళంతా చూశారు. జమ్ములమ్మ షావుకారుకు అమ్ముడుపోయిందన్నారు. అమ్మ పలకరిస్తే పక్కింటి బాలనాగమ్మ మొహం తిప్పుకుంది. ఫొటో తీసెయ్యమని అమ్మ దుకాణానికి వెళ్ళి బతిమాలింది. వాడు ఫోన్‌లోంచి తలెత్తలేదు. ఆ రోజు అమ్మ అన్నం ముట్టలేదు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

నేను వనపర్తిలో కంప్యూటర్స్ చదువుతున్నాను. పైథాన్‌లో రిక్వెస్ట్స్ అని ఒక లైబ్రరీ ఉంది. దాన్ని దించుకుంటే, ఏ వెబ్ పేజీనైనా పంపమని మన ప్రోగ్రామే అడిగి తెచ్చుకుంటుంది. ఊపిరి సలపనివ్వకుండా అడిగిస్తే వాడిలాంటి చిన్న సైటు కుప్పకూలుతుంది. శ్రావణమాసం అమ్మకాల మొదటి రోజే కూలాలి. వాడు తల పట్టుకోవాలి.

దాన్ని దించుకోవడానికి పిప్ ఇన్‌స్టాల్ రిక్వెస్ట్స్ అని కొట్టాను. పిప్ అంటే ఏమిటో తెలియదంది కంప్యూటర్. పళ్ళు నూరుకుంటూ ముందు పైథాన్ పేరు చేర్చి మళ్ళీ కొట్టాను. ఫోన్ హాట్‌స్పాట్ నత్తనడక నడిచి, చివరికి ఇన్‌స్టాల్ అయిందని చూపింది. రాజమౌళి కాలర్ దొరికినంత సంబరపడ్డాను.

"ఏందే సంధ్యా, ఒక్కదానివే నవ్వుతున్నవ్?" అంది అమ్మ.

"వాని దుకాణం మూయిస్త. ఆన్‌లైన్ల ఎవ్వరికీ తెరుచుకోదు."

"జర ఆగు. ముందుగాల నన్ను యాడయాడ పెట్టిండో సూపియ్యి."

ఒక్కో పేజీకి ఒక్కసారే వెళ్ళి ఫొటోలు తెచ్చేలా ప్రోగ్రాం రాశాను. తెర నిండా అమ్మే. ఆమె చాలాసేపు తనను తాను చూసుకుంది.

"నువ్వు మూస్తే వాడు మల్ల తెరుస్తడు. ఉండనీ. అందరు నా మొఖం గుర్తువట్టనీ," అంది.

అమ్మకాల మొదటి రోజు అమ్మ ఫొటోలోని ఆకుపచ్చ చీరే కట్టుకుని, రాజమౌళి దుకాణం మెట్టు మీద కూర్చుంది. కర్నూలు నుంచి పెళ్ళి చీరల కోసం వచ్చినామె ఫోన్ వంకా, అమ్మ వంకా చూసి ఆగిపోయింది.

"ఇందులో ఉన్నది మీరేనా?"

"నేనే బిడ్డా. ఆ చీరలు మాత్రం నేను నెయ్యలే. మిషన్‌వి."

ఆమె లోపలికి వెళ్ళలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ వెళ్ళలేదు. రాజమౌళి చేతులు జోడించి మెట్టు దిగాడు.

"జమ్ములక్కా, లోపటికి రా. మాట్లాడుకుందం."

"నేనొచ్చినప్పుడు తల ఎత్తినవా?" అంది అమ్మ, కదలకుండా.

సాయంత్రం ప్రోగ్రాం మళ్ళీ నడిపాను. ఒక్క ఫొటో కూడా రాలేదు.

"తీసేసిండమ్మా. ఇగ పోకు."

"వాడు తీసింది ఫొటోనే గద. మొఖం నా దగ్గరనే ఉంది," అని ఆకుపచ్చ చీర పిండి ఆరేసింది, పొద్దున్నే మళ్ళీ కట్టుకోవడానికి.