ఉప్పు నక్షత్రాలు

ఆ ఇంట్లోకి గాజు సామాను రాకూడదని తల్లి ఎప్పుడో తీర్మానించుకుంది. మంచినీళ్ల గ్లాసులు కూడా స్టీలువే. అలాంటి ఇంటికి వదిన, అంటే ఆమె భర్తకు అక్క, అట్టపెట్టెలో దూది పరిచి మరీ ఒక గాజుపిట్టను తీసుకొచ్చింది.

వదినగారింట్లో క్రిస్మస్ చెట్టుకు కట్టే బొమ్మలు పెట్టెడున్నాయి. ఏటా మనిషికొకటి కొంటారు. వెనక ఆ ఏడు రాసుకుంటారు. పిల్లలకు పెళ్లయ్యాక ఎవరివి వాళ్లకు మూటగట్టి ఇచ్చేస్తారు.

"పిల్లకి రెండేళ్లొచ్చాయి. ఇప్పటికీ మొదలుపెట్టకపోతే రేపు దాని పెళ్లికి ఏమిస్తావమ్మాయ్, నీ భయాలా?" అంది వదిన.

పగిలిపోతే ఏం చెయ్యాలని తల్లి అడిగింది. పిల్ల కంటపడిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. గోడ సున్నం, సుద్దముక్క, కుండీలో మట్టి, ఏదీ వదలదు. అందుకే తండ్రి దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు.

"నిప్పు చూస్తే కాలుతుందంటావు, నీళ్లు చూస్తే మునుగుతుందంటావు. ఇక గాలొక్కటే మిగిలింది" అని వదిన నవ్వింది.

గాలికి జలుబు చేస్తుందని తల్లి నవ్వకుండానే జవాబిచ్చింది. వదిన గడప దాటగానే గాజుపిట్ట బీరువా మీదికెక్కింది.

కానీ పెళ్లి మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది. పిల్లకు తన తరఫున ఏమీ మిగలదేమోనన్నది కొత్త భయం. బట్టల దుకాణంలో ఆమెతోపాటు గుండీలు కుట్టే ఒకామె ఉపాయం చెప్పింది. మైదాపిండిలో ఉప్పు బాగా కలిపి గట్టిముద్ద చేసి, నక్షత్రాలు కోసి సన్నసెగన ఆరబెడితే రాయిలా అవుతాయట. పగలవు, గుచ్చుకోవు. తల్లికి ప్రాణం లేచొచ్చింది. పిల్ల నోట్లో పెట్టుకున్నా పిండే కదా అనుకుంది.

సెలవురోజు పొద్దున్న పీట వేసుకుని కూర్చుంది. నక్షత్రాలు కోసింది. మధ్యలో ఒక గుండ్రటి బిళ్ల చేసి, పిల్ల అరచేతిని మెత్తగా అదిమింది. ఐదు వేళ్లూ పడ్డాయి. అల్లికసూదితో పైన దారానికి కంత పొడిచి, కింద ఆ ఏడాది అంకె రాసింది. మిగిలిన ముద్ద పిల్ల చేతికిచ్చి ఆడుకోమంది. తను స్టూలెక్కి, మొగుడు కిటికీకి కట్టిన దీపాల తీగ ఎక్కడైనా తెగిందేమోనని ఒక్కొక్క బల్బూ తడిమి చూడసాగింది. వెనక నుంచి చప్పుడేమీ లేదు. ఎంత బుద్ధిగా ఆడుకుంటోందో అని మురిసిపోయింది.

దిగి చూసేసరికి ముద్ద లేదు.

పిల్ల నీళ్లడిగింది. తాగి వాంతి చేసుకుంది. మళ్లీ అడిగింది, మళ్లీ కక్కింది. తర్వాత తోటకూర కాడలా వాలిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలయ్యేసరికి తండ్రి భుజాన వేసుకుని మెట్లు దూకాడు. తల్లి చెప్పుల్లేకుండా వెనక పరిగెత్తింది.

ఏం తిందని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. తల్లి తన భయాలన్నీ ఏకరువు పెట్టింది. దారం మింగిందేమో, సూది మింగిందేమో, తీగ కొరికిందేమో, కుండీలో పురుగేమైనా ఉందేమో.

"అవన్నీ సరేనమ్మా. చేతిలో ఏముంది?"

"పిండి."

"ఏం పిండి?"

"ఆడుకోమనిచ్చాను. మైదా. ఉప్పు కలిపింది."

"ఎంత ఉప్పు?"

"పిండిలో సగం" అంది తల్లి. అంటూండగానే తనేమన్నదో తనకు వినిపించింది.

డాక్టరమ్మ తిట్టలేదు. ఉప్పంతా పిల్ల రక్తంలోకి చేరిందనీ, దాన్ని సెలైన్‌తో మెల్లమెల్లగా దించాలనీ చెప్పింది. తొందరపడితే మెదడు వాచిపోతుంది. అందుకే నోటికి ఒక్క చుక్క కూడా పట్టించకూడదు. పిల్ల దాహమని ఏడుస్తున్నంతసేపూ భయం లేదు. ఏడుపు మానేసి మగతలోకి జారితే మాత్రం వెంటనే పిలవాలి.

వదిన వచ్చింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఏమీ అనకుండా తల్లి పక్కన కూర్చుని వీపు నిమిరింది. అప్పుడర్థమైంది తల్లికి, వ్యవహారం ఎంతదాకా వచ్చిందో.

బట్టలు తేవడానికి ఇంటికెళ్లిన భర్త ఫోన్ చేశాడు. పళ్లెంలో ఉన్న పిండిబొమ్మలన్నీ చెత్తలో పారేస్తున్నానని చెప్పాడు.

"అన్నీ పారెయ్యండి" అంది. ఫోన్ పెట్టబోతూ ఆగింది. "చెయ్యి అచ్చున్నది మాత్రం ఉంచండి."

"దాన్నింకా ఎందుకే?"

ఆ చేతిని మరోసారి అచ్చు తీసుకునే రాత ఉందో లేదోనన్నది ఎలా చెబుతుంది?

"అలాంటివి ఆలోచించకు" అని అతను ఫోన్ పెట్టేశాడు.

వదిన మందుల కోసం కిందికెళ్లింది. పిల్ల కళ్లు తెరిచింది. పెదాలు బెరడు కట్టినట్టున్నాయి. "అమ్మా, నీలు" అంది. నర్సు తడిదూదితో పెదాలద్దితే ఆ దూదినే పీల్చబోయింది. నర్సు లాగేసుకుంది. పిల్ల తల్లి వైపు చేతులు చాచి ఏడ్చింది. ఆకలనకముందే గిన్నెతో నిలబడే తల్లి, చేతులు కట్టుకుని కూర్చుంది. పక్కమంచం కింద నీళ్ల సీసా కనబడకుండా కుర్చీ అడ్డం జరుపుకుంది. పిల్ల ఏడ్చి ఏడ్చి, గొంతు బొంగురుపోయి, తల్లిని పరాయిదాన్ని చూసినట్టు చూసి మొహం తిప్పుకుంది.

ఏడుపు సన్నగిల్లింది. ఆగింది. రెప్పలు బరువుగా దిగసాగాయి.

తల్లి మంచం మీదికి వంగింది. "పిచ్చుకా, నీళ్లు కావాలా?"

పిల్ల ఉలిక్కిపడి, మూతి వంకర చేసి, మళ్లీ ఏడుపందుకుంది. తల్లి కుర్చీలో వెనక్కి వాలి, ఆ ఏడుపు వింటూ ఊపిరి పీల్చుకుంది. కాసేపటికి అదీ సద్దుమణిగింది. మళ్లీ వంగి అడిగింది. మళ్లీ ఏడిపించింది.

"ఇవ్వనిదానివి ఎందుకమ్మా ఊరించడం? కన్నదానివేనా?" అంది పక్కమంచం ముసలావిడ.

తల్లి అటు చూడలేదు. పిల్ల రెప్పలు మళ్లీ వాలుతున్నాయి. ఒక చేత్తో నర్సుని పిలిచే గంట పట్టుకుని, రెండో చేత్తో పిల్ల బుగ్గ తట్టింది.

"పిచ్చుకా" అంది, ఈసారి గట్టిగా. "నీళ్లు. నీళ్లు కావాలా?"