తాడు కింద నేల

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. ఫిబ్రవరి ఆఖరి రోజున మా కొండకు అంతకంటే చెడ్డ కబురు ఉండదు. వెచ్చటి దక్షిణపు గాలి, ఉన్న కాస్త మంచూ కరిగిపోతుంది. నేను పాలు పితికి బయటికి వచ్చేసరికే కొట్టం చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

మా స్కీ కొండ పెద్దదేమీ కాదు. దిగడానికి నిమిషం పట్టదు. ఎక్కడానికి పాత ట్రక్కు ఇంజిను తిప్పే తాడు ఉంది. రెండు చేతులా పట్టుకుంటే లాక్కుపోతుంది, కాళ్ళకు కట్టుకున్న స్కీ చెక్కలు మంచు మీద జారుతూ వస్తాయి. ఈ కొండను ఊరికి రాసిచ్చిన పర్డీ ముసలాయన కాగితంలో ఒక షరతు పెట్టి పోయాడు. ఏటా ఫిబ్రవరి ముగిసేలోగా ఒక్కరైనా తాడు పట్టుకుని పైకి వెళ్ళి, స్కీలు విప్పకుండా కిందికి దిగాలి. అది జరగని ఏడు కొండ ఆయన వారసులది. ఇన్నేళ్ళూ ఆ షరతు ఎవరికీ గుర్తు రాలేదు. ఈ ఏడు మంచు సరిగా పడలేదు, ఆయన అన్న కొడుకు క్లేటన్‌కు గుర్తొచ్చింది. కొండ మీద ఇళ్ళు కడతాడట.

వారం రోజులుగా ఊరంతా అడవిలోనే ఉంది. చెట్ల నీడన మిగిలిన మంచును పారలతో ఎత్తి, నా గడ్డి బండిలోనూ మేపుల్ చెట్ల తీపి రసం పట్టే బకెట్లలోనూ తెచ్చి కొండ మీద పరిచాం. అందరికంటే ముందు నిలబడింది వెర్నా లాబోంట్. డెబ్బై ఒకటేళ్ళు. ఊళ్ళో స్కీలు కట్టిన ప్రతివాడికీ ఆమే నేర్పింది, నాక్కూడా. అందరికీ టీచరమ్మే. మొగుడు పోయాక ఆమెకు ఉన్నది ఈ కొండా, శనివారం పిల్లలూ.

"ఇది పోతే శనివారాలు నేనేం చెయ్యనురా ఆల్డెన్?" అని ఒక్కసారే అడిగింది. నేను పార ఎత్తాను.

మధ్యాహ్నం మూడింటికి పైనుంచి కిందిదాకా రెండు మంచాల వెడల్పున తెల్లటి దారి పడింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా తాడు చూసే ఎల్విన్ తాడు అతుకు బిగించి ఇంజిను వేశాడు. తాడు కదిలింది. అందరం ఈలలు వేశాం.

క్లేటన్ అప్పటికే వచ్చి కారుకు ఆనుకుని ఉన్నాడు. కొత్త బూట్లు. తాడు వైపు చూసి నవ్వాడు.

"దిగడానికి బాగానే వేశారు. మరి ఎక్కేదెలా?"

తాడు కింద, కొండ మొదలు నుంచి పైదాకా, తడి గడ్డి. దాని మీద స్కీలు జారవు. మంచు పడ్డ ఏడు తాడు దారి దానంతటదే ఉంటుంది. దాన్ని ఎవరమూ ఎన్నడూ పరవలేదు. మాకు కొండంటే దిగడమే. వారం మోశాం, ఒక్కడికీ తట్టలేదు.

"ఏమయ్యా ఎల్విన్, తాడు చూసేవాడివి, తాడు కింద చూడవా?" అంది పోస్టాఫీసు జోసీ.

"నేను ఇంజిను చూస్తా. మీ నలభైమందీ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారు?"

అడవిలో వెతికితే ఆకులు కలిసిన మంచు మూడు బండ్లు దొరికింది. అది నలభై అడుగులకు సరి. తాడు దారి నాలుగు వందల అడుగులు. దిగే దారిలోంచి తీస్తే అక్కడ నేల బయటపడుతుంది. ఎండ వాలుతోంది.

"ఇక ఇళ్ళకు పోండి. మీరు చేయగలిగింది చేశారు," అన్నాడు క్లేటన్.

టీచరమ్మ అతని వైపు చూడనైనా లేదు. కూర్చుని స్కీలు బిగించుకుంటోంది. ఎలా వెళ్తుందో ఆమెకూ తెలియదు.

"బురదలో ట్రాక్టరు దిగబడితే రెండు చెక్కలు చాలు," అన్నాను నేను. "వెనకది తీసి ముందు వేస్తాం."

ఆ రోజు నేను ఆడిన మాట అదొక్కటే.

జోసీకి ముందు అర్థమైంది. పార తీసుకుని తాడు పక్కన నిలబడింది. కాసేపటికి రెండు వైపులా మనుషులే. దొరికిన మంచునంతా తాడు మొదట్లో నలభై అడుగులు పరిచాం. ఎల్విన్ ఇంజినును నత్తనడకకు తెచ్చాడు. టీచరమ్మ తాడు పట్టింది.

"ఎత్తండి!" అని అరిచింది.

ఆమె దాటిన చోట మంచు ఎత్తి ఆమె ముందు పోశాం. మళ్ళీ దాటింది, మళ్ళీ ఎత్తాం. వంగిన నడుములు వంగినట్టే కొండెక్కాయి. సగానికి వచ్చేసరికి నలభై అడుగుల మంచు పదిహేనడుగులైంది, అందులోనూ మట్టే ఎక్కువ. క్లేటన్ పక్కనే బురదలో జారుతూ వచ్చాడు.

"అదిగో, గడ్డి తగిలింది! నేను చూశాను!"

"గడ్డి తగలకూడదని మీ బాబాయి ఎక్కడ రాశాడు? స్కీలు విప్పకూడదన్నాడు. నా కాళ్ళకే ఉన్నాయి, వచ్చి చూసుకో," అంది టీచరమ్మ, తాడు వదలకుండా.

"వంగి మరీ చూడు బాబూ, బూట్లు ఎలాగూ పోయాయి," అని ఎవరో అన్నారు. నవ్వడానికి ఎవరికీ ఊపిరి లేదు.

చివరి యాభై అడుగులూ పారలు పనికిరాలేదు. చేతులతో తోడి వేశాం. కొండ కొసన ఆమె తాడు వదిలి, ఎర్రబడ్డ వేళ్ళు చంకల్లో పెట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. తరవాత దిగింది. పిల్లలకు నేర్పే మలుపులేవీ తిరగలేదు. తిన్నగా వచ్చింది. మంచు పలచబడిన ప్రతిచోటా స్కీల కింద రాళ్ళు కీచుమన్నాయి. కిందిదాకా వచ్చి, అంతకుముందే జారుతూ దిగిపోయిన క్లేటన్ ఎదుటే ఆగింది. అతని ప్యాంటు మీద బురద చిమ్మింది.

"అయిందా?"

అతను వంగి స్కీల వైపు చూశాడు. "అయింది. వచ్చే ఏడు మాత్రం మంచు పడుతుందా?"

"పడకపోతే మోస్తాం. నువ్వూ రా. ఇంకో పార కొంటాను."

కొండ కింది గుడిసెలో పొయ్యి మీద పొద్దుటి నుంచి ఉడుకుతున్న బీన్స్ గింజలు, అందులో పంది మాంసం, మేపుల్ పాకం. జోసీ రొట్టె కోసింది. బల్లల మీద చోటు చాలక కొందరు గోడకు ఆనుకుని తిన్నారు. క్లేటన్ గుమ్మంలో నిలబడ్డాడు. ఎల్విన్ కాస్త పక్కకు జరిగాడు. టీచరమ్మ ఆ ఖాళీలో ఒక గిన్నె పెట్టింది. అతను కూర్చున్నాడు. వేళ్ళు కొంకర్లుపోయి చెంచాలు పట్టుకోలేక చాలామందిమి రొట్టెతో తోడుకుని తిన్నాం.