జెండా బొరుగులు

స్వరాజ్యం వచ్చిన పొద్దు, మదనపల్లె మిషను బడి ముందర హన్నా గంప పెట్టుకొని, జెండా చూడవచ్చినోళ్లకంతా బొరుగులూ బెల్లమూ పంచుతోంది. కురబలకోట నుంచి వచ్చిన గుంపులో అక్క విజయమ్మ కనబడేసరికి చెయ్యి ఆగిపోయింది. హన్నా బర్నబాసును పెండ్లాడి కిరస్తానం మతంలో కలిసినప్పట్నుంచి ఆమె చేతి మెతుకు అక్క ముట్టలేదు, పుట్టింట్లోకి పిలవనూలేదు.

"మే మునెమ్మా, ఊరందరికీ పెడతాండావు, నాకు పెట్టవా?" అంది విజయమ్మ, పాత పేరుతోనే.

"నా చేతివి తింటావా అక్కా?"

"బొరుగులకు మైలేముండాదే? తడి తగిలితే కదా తప్పు! అందులోనూ జెండా పండగ. పెట్టు."

విజయమ్మ దోసిలి పట్టి, అక్కడే నిలబడి నమిలింది. ఇంతలో పొరబోయి దగ్గు పట్టుకుంది. హన్నా గబుక్కున ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లచెంబు అందించింది. అక్క ఒక్క గుక్క తాగితే చాలు, పుట్టింటి తలుపు తెరుచుకున్నట్టే.

విజయమ్మ చెంబు వంక చూసింది, చెల్లెలి మొగం చూసింది.

"నీళ్లకు సత్రం యాడుండాది?" అంది మెల్లగా.

హన్నా చెయ్యెత్తి చూపించింది. ఇంక రాదులే అనుకుని చెంబు కింద పెట్టేసింది.

కాసేపటికి విజయమ్మ మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చి కొంగు పట్టింది. "ఇంకొంచెం పొయ్యి మే. అమ్మకు తీసకపోతా. నువ్వు పెట్టినావని చెప్పే పెడతా."

హన్నా గంపలో వెతికి, పెద్ద బెల్లంముక్కలన్నీ ఏరి ఆ కొంగులో వేసింది.