వూహాన్ అని చెప్పాను

మా హాస్టల్ గదిలో నలుగురం. పేర్లతో పిలుచుకోవడం మొదటి నెలలోనే మానేశాం. వయసు లెక్కన పెద్దది, రెండోది, మూడోది, చిన్నది. నేను రెండోదాన్ని. ఒకరి చెప్పులు ఒకరు వేసుకుని తిరిగేవాళ్లం, ఒకరి చొక్కా ఒకరు ఉతికేవాళ్లం. కానీ నాలుగో ఏడాది మొదలయ్యాక ఒక్క సంగతి మాత్రం ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. ఎం.ఏ.కి ఏ విశ్వవిద్యాలయం పెడుతున్నామన్నది.

మా దగ్గర ప్రవేశ పరీక్షకు ఒక్క విశ్వవిద్యాలయాన్నే ఎంచుకోవాలి. అదీ పరీక్ష రాయకముందే. గురి తప్పితే ఏడాది గంగలో కలిసినట్టే. ప్రాచీన సాహిత్యానికి నాన్జింగ్ విశ్వవిద్యాలయంలో ఆ ఏడు పరీక్ష మీద ఇచ్చేవి మూడు సీట్లు. దేశం మొత్తానికి మూడు. వాటిలో ఒకటి నాకు కావాలి. కిందటి మే సెలవుల్లో, మా కాలేజీ ఉన్న తైయువాన్ నుంచి రాత్రంతా రైల్లో నిలబడి వెళ్లి, అక్కడి ఆచార్య లుయాన్ గారి పాఠం తలుపు పక్కనుంచి విన్నాను. ముసలావిడ. దగ్గుకుంటూ, నాలుగు పాదాల పద్యం మీద రెండు గంటలు మాట్లాడారు. బయటికొచ్చాక స్టేషన్‌కి దారి అడగాలన్న ధ్యాస కూడా లేకుండా నడుచుకుంటూ పోయాను. ఆవిడ కొత్త విద్యార్థుల్ని తీసుకునేది ఇదే ఆఖరుసారి. వచ్చే ఏడు రాస్తానంటే కుదరదు.

అడ్డమల్లా మూడోదే. యాన్ రోంగ్ దాని పేరు. పాత పద్యం ఏది ముందు పెట్టినా, మేమింకా పదాలు విడదీసుకుంటూ ఉండగానే అది భావం చెప్పేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. అదంటే నాకు ప్రాణం. అదంటే నాకు భయం కూడా.

అక్టోబరు మొదట్లో ఒకరోజు క్యాంటీన్‌లో, నూడుల్స్‌లో వెనిగర్ ఒంపుకుంటూ అది సూటిగా అడిగేసింది.

"రెండో అక్కా, నువ్వెక్కడ పెడుతున్నావ్?"

"వూహాన్" అనేశాను. ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆ మాట, నాకే తెలియదు.

ఆడిన అబద్ధానికి కాపలా కాయాలి కదా. వూహాన్ పాత ప్రశ్నపత్రాలు కొనుక్కొచ్చి అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టాను. నాన్జింగ్‌వి ఇంగ్లిష్ పదాల పుస్తకానికి అట్టగా వేసిన కాగితంలో దాచి, మెట్ల మీద కూర్చుని చదివేదాన్ని. "ఏమే, గదిలో కుర్చీలు కరుస్తున్నాయా?" అని పెద్దది ఏడిపించేది. తిన్నది ఒంటికి పట్టేది కాదు. మూడోది నిద్రలో కదిలినా ఉలిక్కిపడేదాన్ని.

దరఖాస్తుకి ఆఖరి రోజు. సాయంత్రం ఆరు దాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఫోన్లో నాన్జింగ్ అని నింపి, పంపకుండా, గదిలో ఆ గోడకీ ఈ గోడకీ తిరుగుతున్నాను. మధ్యాహ్నం నాలుగింటికి మూడోది రెండు ఫ్లాస్కుల నిండా వేణ్ణీళ్లు పట్టుకుని వచ్చింది. ఒకటి నాది.

"నిజం చెప్పు. వూహానేనా? ఒట్టు?"

"వూహానే అన్నానుగా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"హమ్మయ్య" అంటూ మంచం మీద కూలబడింది. "అయితే సరే. ఇప్పుడే నాన్జింగ్ పెట్టేసొచ్చాను. నెల నుంచీ కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నానక్కా. మేలో అక్కణ్ణుంచి వచ్చి వారం రోజులు ఆ ముసలావిడ భజనే చేశావ్ కదా. నీ మనసంతా అక్కడే ఉందేమో, నేను అడ్డొస్తానేమో అని ఒకటే బెంగ. నువ్వు నాన్జింగ్ అనుంటే నేను వూహాన్ పెట్టుకుందును. అక్కడ మా పెద్దమ్మ ఉంది, తిండికి లోటుండదు. నాకు ఏదైనా ఒకటే."

నెల రోజులు నేను దేన్నుంచి దాక్కున్నానో అది నాకు దారి ఇవ్వడానికే ఎదురుచూసిందన్నమాట. సిగ్గుతో ముఖం మండిపోయింది. ఆ సిగ్గులోనే, ఇంకా రెండు గంటల టైముందన్న లెక్క కూడా తట్టింది. అలాంటి బుద్ధి నాది.

"మూడోదానా, నాదీ నాన్జింగే."

నవ్వబోయింది. ఫోను దాని ముందు పెట్టాను. చదివి, ఫ్లాస్కు మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

"నెల నుంచీనా?"

"ఊఁ."

"మరి ఆ ప్రశ్నపత్రాలు?"

"నువ్వు చూడాలనే పెట్టాను."

"నేనొస్తే నీ సీటు పోతుందని."

తలూపాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "ఇంకా టైముంది కదే, నువ్వు మార్చుకుంటావా?" అని అడిగాను.

కోప్పడుతుందనుకున్నాను. నీళ్లు వేడిగా ఉన్నాయి జాగ్రత్త అని చెప్పే గొంతుతోనే చెప్పింది.

"నిన్న అడిగుంటే ఇచ్చేదాన్ని. పొద్దున అడిగినా ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఇవ్వను. కావాలంటే నువ్వే మార్చుకో, వూహాన్ పేపర్లు ఎలాగూ కొన్నావ్."

ఆ రెండు గంటలూ అది తన మంచం మీద, నేను నా మంచం మీద. వూహాన్ అని కొట్టాను, చెరిపేశాను. మళ్లీ కొట్టాను. లుయాన్ గారి దగ్గు చెవిలో వినిపిస్తూనే ఉంది. ఐదు యాభైకి నాన్జింగ్ అనే పంపేశాను. మూడోది కన్నెత్తి చూడలేదు. దాని వేళ్లు కూడా ఫోను మీదికి వెళ్లలేదు.

ఆరు దాటాక పెద్దది తలుపు తోసుకుని వచ్చింది. "హమ్మా, గండం గడిచింది. ఇంక దాచుకునేదేముంది, చెప్పండే. ఎవరెక్కడ పెట్టారు?"

"నాన్జింగ్" అన్నాం ఇద్దరం, ఒకేసారి.

పెద్దదాని ముఖం వెలిగిపోయింది. "భలే పనయిందే. కలిసి చదువుకోవచ్చు, ఒకరికొకరు తోడు."

పరీక్షకి ఇంకా అరవై రోజులున్నాయి. మా మంచాలు ఎదురెదురుగా ఉన్నాయి.